పేరు రాసిన మామిడాకు: ఇంటికొచ్చిన వారికి సరదాగా బంతి భోజనం పెట్టడం ఎలా?

పదిమంది లోపు చుట్టాలో స్నేహితులో భోజనానికి వస్తుంటే నేను పళ్లాలు తీయను. హాల్లో వరుసగా చాపలు పరిచి, అరటి ఆకుల్లో బంతి వేస్తాను. ఆకు ముందు కూర్చోగానే ‘ఇది నా కోసమే వేశారు’ అని వచ్చినవారికి తెలియాలి. నా పట్టుదలంతా అక్కడే.

ముందుగా ఆకులు. తడిగుడ్డతో ఈనె వెంబడి తుడిచి, సన్నని మంట మీద ఒకసారి అటూ ఇటూ తిప్పండి. ఆకు మెత్తబడుతుంది, ఊరికే చిరగదు. కొస తినేవారికి ఎడమవైపు రావాలి. ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు ఖాళీ వదలండి.

తర్వాత పేర్లు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ముదురు మామిడాకు మీద గుండుసూదితో, ఆకు చీలకుండా పైపొర మాత్రమే గీరుతూ రాయండి. రాసేటప్పుడు గీతలు కనీ కనపడకుండా ఉంటాయి. కాసేపటికి గోధుమరంగుకు తిరిగి అక్షరాలు తేలతాయి. బడిలో రాయించిన పేరు వద్దు, ఇంట్లో పిలిచే పేరే రాయండి: బుజ్జి, చిన్నత్త, పెద్దబావ. దాన్ని మంచినీళ్ల గ్లాసుకు ఆనించి నిలబెట్టండి. ఆకు ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసే పని పిల్లలకు ఇవ్వండి. వంకరగా వచ్చినా చెరపకండి.

గ్లాసు కింద చీటీలో ఒక పొడుపు కథ పెట్టండి. ఒకరికి ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం’, పక్కవారికి ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు’. తేనెపట్టు, కనురెప్పలు అని విప్పేదాకా నెయ్యి వేయనని బెదిరించండి. పెద్దవాళ్లకు మాత్రం ముందే వేసేయండి.

ఉప్పు, పచ్చడి, కూర ఆకు పైభాగాన, అన్నం కిందిభాగాన. పాయసానికి దొన్నె. ఒక మూల మాత్రం ఖాళీగా ఉంచి, ఆ మనిషికి ఇష్టమైనది ఒక్కటి అక్కడ వడ్డించండి: మామయ్యకు ఊరమిరపకాయ, కారం తినలేని పాపకు ముద్దపప్పు.

మోకాళ్ల నొప్పులున్నవారికి బంతి పక్కనే కుర్చీ, బల్ల వేయండి. వారికీ అదే అరటి ఆకు, అదే ముగ్గు, అదే చీటీ.