ఎస్పీ రోడ్డులో పీసీ పార్టులకి రేటు అడిగే పద్ధతి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో మొదటి గేమింగ్ పీసీ కొనేవాళ్లకి పెద్ద చిక్కు, "16 జీబీ ర్యామ్, 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), అన్నీ కలిపి ఇంత" అనే కొటేషన్. మోడల్ పేర్లు లేకుండా రెండు షాపుల రేట్లు పోల్చడానికే కుదరదు.

ఒక కాగితం మీద ఏడు లైన్లు రాసుకెళ్లండి: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్. ప్రతిదానికీ పూర్తి మోడల్ పేరు ఉండాలి. ర్యామ్ దగ్గర "8 జీబీ రెండు" అని రాయండి, లేదంటే 16 జీబీ స్టిక్ ఒక్కటే అంటగడతారు, డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లు కలిసి పనిచేసి వేగం పెంచే పద్ధతి) పోతుంది. ఎస్ఎంపీఎస్ దగ్గర "80 ప్లస్ బ్రాంజ్" (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్) తప్పనిసరి. రేటు తగ్గించమంటే వాళ్ల చెయ్యి ముందు పడేది దాని మీదే!

అదే కాగితం మూడు షాపుల్లో చూపించి, లైనుకో రేటు జీఎస్టీతో సహా వేయించుకోండి. "అది స్టాక్ లేదు సార్, ఇదీ సేమే" అంటే ఆ మోడల్ పేరు పక్కనే రాయించుకుని, ఫోన్లో వెతికి చూశాకే ఒప్పుకోండి.

అలాగని ఏది ఎక్కడ చవకైతే అక్కడ ఏరుకుంటే మాత్రం బెడిసికొడుతుంది. డిస్‌ప్లే రాకపోతే బోర్డు షాపువాడు ర్యామ్ అంటాడు, ర్యామ్ షాపువాడు బోర్డు అంటాడు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేచోట కొని అక్కడే ఆన్ చేయించండి. బిల్లులో సీరియల్ నంబర్లు వేయించుకోండి.