ఆర్‌ఎక్స్ 100 జెట్టింగ్ – 3వ పాఠం: ముందు మెయిన్ జెట్, ఆ తర్వాతే నీడిల్

జెట్ అంటే కార్బురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ముక్క, బండికి తగ్గ సైజు కుదర్చడమే జెట్టింగ్. గత రెండు పాఠాల్లో చెప్పిన పని పూర్తయ్యాకే ఇది మొదలుపెట్టండి. కార్బురేటర్ విప్పి కడగడం, ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం) సరిచూడటం అయిపోయి ఉండాలి. మానిఫోల్డ్ రబ్బరులో పగుళ్లు లేవని, మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ గాలి పీల్చడం లేదని తేలిపోయి ఉండాలి. వీటిలో ఒక్కటి మిగిలినా జెట్లకు పెట్టిన డబ్బు దండగే. దొంగదారిన గాలి పోతున్న ఇంజిన్‌కి జెట్ పెంచుకుంటూ వెళ్తే ఫుల్ రేజ్‌లో పెట్రోల్ ముంచేస్తుంది. స్లోలో మాత్రం పాత రోగం అలాగే ఉంటుంది.

మన ఉదాహరణ బండి 98 సీసీ ఆర్‌ఎక్స్ 100. బోర్, పోర్టులు కంపెనీవే. సైలెన్సర్ స్థానంలో ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (మధ్యలో ఉబ్బిన రేసింగ్ పైపు) వచ్చింది, ఎయిర్ బాక్స్ తీసేసి కార్బురేటర్ మూతికే ఫోమ్ ఫిల్టర్ తగిలించారు. కార్బురేటర్ పాత 20 మి.మీ. వీఎం రకమే. ఎయిర్ బాక్స్ ఉన్నప్పుడు గాలికి కొంత అడ్డు ఉండేది, ఆ అడ్డు వల్ల జెట్ మీద పీల్పు ఎక్కువగా పడేది. ఇప్పుడు గాలి ఎక్కువ, పీల్పు తక్కువ. ఛాంబర్ పట్టుకునే రేజ్‌లో సిలిండర్‌లోకి వెళ్లే గాలి ఇంకా పెరుగుతుంది. రెండూ కలిసి మిశ్రమాన్ని లీన్ చేస్తాయి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు.

మూడో మార్పు మీరు చేసింది కాదు, బంకులో జరిగింది. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. దాని జెట్లు ఇథనాల్ కలపని పెట్రోల్ లెక్కకి వేసినవి. ఆ పెట్రోల్ 1 కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. జెట్ అదే, గాలి అదే, అయినా మిశ్రమం 8 శాతం దాకా లీన్ వైపు జరిగిపోయింది. కాబట్టి “ఈ ఛాంబర్‌కి 110 వేస్తే చాలు, ఎప్పటినుంచో అదే వేస్తున్నాం” అని ఎవరైనా చెబితే ఆ మాట ఏ పెట్రోల్ నాటిదో అడగండి. 110 మీద 8 శాతం అంటే దాదాపు 119. అంటే రెండు సైజుల తేడా.

ఎక్కడ మొదలుపెట్టాలి

మెయిన్ జెట్ మీద చెక్కిన నంబర్ ముందు చదవండి. ఉదాహరణకి అది 100 అనుకుందాం. ఈ రెండు మార్పులకీ, ఈ పెట్రోల్‌కీ 120 దగ్గర మొదలుపెట్టి 5 చొప్పున కిందికి దిగాలి. 100 నుంచి పైకి ఎక్కకూడదు. రిచ్‌గా, అంటే గాలికి మించిన పెట్రోల్‌తో ఉన్న టూ స్ట్రోక్ పొగ పోస్తుంది, ప్లగ్ తడుపుతుంది, అంతే. లీన్‌గా ఉన్నది పిస్టన్‌ని వేడెక్కించి ఉబ్బిస్తుంది, ఎగ్జాస్ట్ పోర్టు వైపు గీతలు పడతాయి, చివరికి బోర్‌ని పట్టేస్తుంది. జెట్ ఖర్చెంత, బోర్ పని, ఓవర్ సైజ్ పిస్టన్ ఖర్చెంత!

ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపే బండ్లకి ఇంకో చిక్కుంది. అక్కడ చిన్న జెట్ అంటే పెట్రోల్‌తోపాటు ఆయిల్ కూడా తక్కువే. “సేఫ్టీకి ఇంకో మూత ఆయిల్ పోద్దాం” అనుకుంటే అదీ ఎదురుతిరుగుతుంది. జెట్‌లోంచి వెళ్లే దాంట్లో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గి మిశ్రమం మరింత లీన్ అవుతుంది. లీటరుకి 20 మి.లీ. కలిపి జెట్ కుదిర్చారా, ఆ తర్వాత ఎప్పుడూ 20 మి.లీ.యే.

జెట్లు ఒకే తయారీవి, 100 నుంచి 120 వరకు 5 చొప్పున కొనండి. పాత జెట్‌కి డ్రిల్ వేయించడం మాత్రం వద్దు. 1 మి.మీ. రంధ్రం 1.05 అయితే చాలు, దాని వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. చేతి డ్రిల్‌తో ఆ లెక్క ఎవరికీ అందదు. శుభ్రం చేసేటప్పుడు గుండుసూది, స్టీలు తీగ దూర్చినా ఇదే గొడవ. చీపురు పుల్లతో పొడిస్తే పీచు తెగి లోపలే ఉండిపోతుంది. పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొట్టండి, అంతకు మించి అక్కర్లేదు.

గ్రిప్పు మీద గీతలు

కార్బురేటర్‌లో ఏ భాగం పనిచేస్తోందనేది యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్న దాన్ని బట్టి ఉంటుంది, స్పీడోమీటర్‌ని బట్టి కాదు. అరపావు వరకు స్లో జెట్, ఎయిర్ స్క్రూ. అక్కణ్నుంచి పావు దాకా స్లయిడ్ (గ్రిప్పు తిప్పితే పైకి లేచే ముక్క) అంచు కోత. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, అంటే స్లయిడ్‌కి వేలాడే సూది. ఆ పైన మెయిన్ జెట్. “60లో పట్టుకుంటోంది” అనే ఫిర్యాదుతో ఏ జెట్ మార్చాలో ఎవరూ చెప్పలేరు. “అర రేజ్‌లో పట్టుకుంటోంది” అంటే ఇట్టే చెప్పొచ్చు.

అందుకని కేబుల్ ఆట 2, 3 మి.మీ.కి సరిచేసి, గ్రిప్పు మీద తెల్ల టేపు చుట్టి, పక్కన స్విచ్ హౌసింగ్ మీద ఒక గీత గీయండి. పూర్తిగా మూసినప్పుడు ఒక గుర్తు, పూర్తిగా తెరిచినప్పుడు ఒక గుర్తు పెట్టి మధ్య దూరాన్ని పావులుగా విడగొట్టండి.

ప్లగ్ చాప్

పరీక్షించే రేజ్‌లో ఉండగానే ఇంజిన్ ఆపి ప్లగ్ రంగు చూడటమే ప్లగ్ చాప్. దీనికి ట్రాఫిక్ అసలే లేని, కనీసం 600 మీటర్లు తిన్నగా ఉన్న తారు రోడ్డు కావాలి. ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్లు దీనికి భేషుగ్గా పనికొస్తాయి, అక్కడి యజమాని ఒప్పుకోవాలంతే. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు తప్పనిసరి. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఇంజిన్ గొంతు మారి బిగుసుకుంటున్నట్టు అనిపించిన క్షణం క్లచ్ పట్టేయాలి, లేదంటే వెనక చక్రం జారిపోతుంది.

పాత ప్లగ్‌తోనే 10 నిమిషాలు తిప్పి ఇంజిన్ వేడెక్కించండి. తర్వాత కంపెనీ చెప్పిన హీట్ రేంజ్‌లో (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే నంబర్) కొత్త ప్లగ్ బిగించండి. బ్రాండ్ మారిస్తే జాగ్రత్త: ఎన్‌జీకేలో నంబర్ పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్, బాష్‌లో తగ్గేకొద్దీ చల్లటిది. మూడో గేరులో ఫుల్ రేజ్‌కి తెచ్చి 10 సెకన్లు అలాగే ఉంచండి. గ్రిప్పు వదలకుండానే క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపేసి, ఆ తర్వాత గ్రిప్పు మూసి బండిని దొర్లనివ్వండి. కిల్ స్విచ్ లేకపోతే తాళం ఆఫ్ దాకానే తిప్పాలి, లాక్ దాకా పోకూడదు. ముందు గ్రిప్పు మూసి తర్వాత ఇంజిన్ ఆపితే ప్లగ్ మీద స్లో జెట్ రంగు కూడా పడుతుంది, పరీక్ష పాడైనట్టే.

ప్లగ్ విప్పాక అందరూ కొసన తెల్లటి పింగాణీ రంగు చూసి తీర్పిచ్చేస్తారు. చూడాల్సింది అది కాదు. టార్చి వేసి, భూతద్దం పెట్టి పింగాణీ లోపలికి దిగి ఇనుప గొట్టానికి ఆనే అడుగు భాగం చూడండి. అక్కడ సన్నటి పొగ వలయం ఉంటుంది. లేత చాక్లెట్ రంగు వలయం చుట్టూతా ఉంటే జెట్ సరిపోయింది. నల్లగా, తడిగా, మందంగా ఉంటే రిచ్. వలయమే లేకుండా పింగాణీ అడుగు దాకా తెల్లగా ఉంటే లీన్. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ, మెరిసే పూసలు గానీ కనిపిస్తే బండి మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆ మెరుపు మీ పిస్టన్‌దే, లోపల డిటొనేషన్, అంటే మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం జరుగుతోంది. రెండు సైజులు పెంచి, ఇగ్నిషన్ టైమింగ్ చూశాకే ముందుకెళ్లాలి.

చెవి కూడా సాక్ష్యం చెబుతుంది. 120తో ఫుల్ రేజ్‌లో గొంతులో నీళ్లు పోసి పుక్కిలిస్తున్నట్టు గుడగుడలాడుతూ పైకి ఎక్కనంటే రిచ్. 115 వేయండి, మళ్లీ చూడండి. ఆ పుక్కిలింత పోయి గొంతు శుభ్రంగా సాగిన మొదటి సైజు దగ్గర ఆగాలి. ఇంకో పరీక్ష: ఫుల్‌లో ఉండగా గ్రిప్పు వేలెడంత వెనక్కి తగ్గించండి. బండి ఒక్క క్షణం ముందుకి లాగితే లీన్, అంటే జెట్ చిన్నది. మెల్లగా తగ్గితే సరే. ప్లగ్ చెప్పేదీ చెవి చెప్పేదీ పొసగకపోతే రిచ్ వైపున్న జెట్‌నే ఉంచుకోండి.

నీడిల్

మెయిన్ జెట్ తేలేదాకా నీడిల్ ముట్టుకోవద్దు. అర రేజ్‌లో వెళ్లే పెట్రోల్ కూడా మెయిన్ జెట్ దాటే రావాలి, కాబట్టి అది మారితే నీడిల్ లెక్క కొంత మారుతుంది.

నీడిల్‌కి 5 గాళ్లు ఉంటాయి, పైనుంచి లెక్క. లాకుని (నీడిల్‌ని గాడిలో పట్టి ఉంచే క్లిప్పు) కింది గాడికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోల్ పెరుగుతుంది. ఇది తలకిందులుగా గుర్తుంచుకుని లీన్ బండిని ఇంకా లీన్ చేసేవాళ్లు తక్కువేం లేరు. మూడో గాడిలో మొదలుపెట్టి, నాలుగో గేరులో సరిగ్గా అర గీత దగ్గర గ్రిప్పు కదపకుండా నడపండి. తడబడుతూ, పొగ పోస్తూ ఉంటే రెండో గాడి. బండి తేలిపోతున్నట్టుండి, గ్రిప్పు తెరిచినా ఊపు రాకపోతే నాలుగో గాడి. అర గీత దగ్గర కూడా కొత్త ప్లగ్‌తో ఒకసారి చాప్ చేయండి.

మొదటి గాడికి వచ్చినా గుడగుడ పోకపోతే లోపం లాకుది కాదు. ఏళ్ల తరబడి నీడిల్ ఒరుసుకుని నీడిల్ జెట్ రంధ్రం కోలగా అరిగిపోయి ఉంటుంది. రెండూ కలిపే మార్చాలి.

స్లయిడ్ తిరిగి పెట్టేటప్పుడు కోత ఉన్న వైపు ఫిల్టర్‌కి ఎదురుగా ఉండాలి, పక్క గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. కూర్చోకుండా మూత బిగిస్తే స్టార్ట్ చేయగానే బండి ఫుల్ రేజ్‌లో అరుస్తుంది. మూత బిగించాక గ్రిప్పు తిప్పి వదలండి, స్లయిడ్ టక్కుమని కిందికి పడే చప్పుడు వినిపించాలి.

చలి లెక్క

మే నెలలో 43 డిగ్రీల మధ్యాహ్నం కుదిర్చిన జెట్‌ని డిసెంబరులో అలాగే వదిలేయకండి. ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే గాలి సాంద్రత 10 శాతం పైగా పెరుగుతుంది, మిశ్రమం సుమారు 5 శాతం లీన్ అవుతుంది. 115 ఉన్న బండికి అది దాదాపు ఒక సైజు. విశాఖ నుంచి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న అరకుకి ఎక్కితే లెక్క తిరగబడి కాస్త రిచ్ అవుతుంది. ఒక్కరోజు ప్రయాణానికి జెట్ మార్చే పనిలేదు, దిగేటప్పుడు లీన్‌తో దిగడం కంటే అదే మేలు.

వచ్చే పాఠం స్లో జెట్, ఎయిర్ స్క్రూ. అప్పటికి ఒక కాగితం మీద మెయిన్ జెట్ నంబర్, గాడి నంబర్, ఆ రోజు వేడి రాసి పెట్టుకోండి. తర్వాత ఎయిర్ స్క్రూని ఆనేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో కూడా రాసి, తిరిగి అన్ని చుట్లే బయటికి తెచ్చి ఉంచండి. ఆనిందని తెలియగానే ఆపాలి. బిగిస్తే మొన విరిగి రంధ్రంలో ఉండిపోతుంది.