రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు: ఆత్మ పరిశీలన చేసుకునే విధానం

ఆదివారం పూజలో సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా అందించే అప్పం) స్వీకరించి, సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని జపమాల చెప్పుకునే కుటుంబాలు మన కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో గుడి పరిధిలోని విశ్వాసుల సమూహాల్లో, ఎన్నో ఉన్నాయి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలో జరిగే గుణదల మరియమాత ఉత్సవాలకు ఎంత దూరం నుంచైనా తరలివెళ్లి, కొండ ఎక్కి, తలనీలాలు సమర్పించి వచ్చే భక్తి మనది. ఆ భక్తికి పరీక్ష మాత్రం సోమవారం ఉదయమే మొదలవుతుంది. కుళాయి దగ్గర పొరుగింటివారితో మాటా మాటా పెరిగినప్పుడు, అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడినప్పుడు, మంచాన పడ్డ పెద్దలకు పదోసారి మంచినీళ్లు అందించవలసి వచ్చినప్పుడు మనలోని విశ్వాసం ఏపాటిదో మనకే తెలిసివస్తుంది. అలా తెలిసివచ్చిన దాన్ని వృథాగా పోనివ్వకుండా, ఆ రాత్రే దేవుని సన్నిధిలో నెమరువేసుకునే అభ్యాసానికే ఆత్మ పరిశీలన అని పేరు.

ఈ అభ్యాసం శ్రీసభలో, అంటే కతోలిక సంఘంలో, చాలా పాతది. గురువులు (ఫాదర్లు), మఠవాసులు చెప్పే రాత్రి ప్రార్థన మొదట్లోనే దానికి చోటుంది. అయితే సామాన్యులు కూడా అనుసరించగలిగేలా దానికి అయిదు మెట్ల రూపం ఇచ్చినవారు యేసు సభ అనే గురువుల సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు. 1521 మే నెలలో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఆ సైనికుడు, నెలల తరబడి మంచం మీద ఉండి, తన మనసులో మెదిలే తలపులనే గమనించడం మొదలుపెట్టారు. రాచకొలువు, పేరు ప్రతిష్ఠలను గూర్చిన ఊహలు ఆ కాసేపు తియ్యగా ఉండి చివరికి వెలితిని మిగులుస్తున్నాయనీ, క్రీస్తు జీవితం, పునీతుల జీవితాలు చదివి తానూ అలా బ్రతకాలని తలచినప్పుడు కలిగిన సంతోషం మాత్రం తరువాత కూడా నిలుస్తున్నదనీ ఆయన గ్రహించారు. అందుకే చదువుల భారంలో ఉన్న తన సభ యువకులకు ప్రార్థనా సమయాన్ని పరిమితం చేసినా, రోజుకు రెండుసార్లు ఆత్మ పరిశీలన చేసుకోవడాన్ని మాత్రం ఆయన తప్పనిసరిగా ఉంచారు.

మొదట స్థలం, సమయం నిర్ణయించుకోవాలి. పడక మీద వాలిన తరువాత చేద్దామనుకుంటే నిద్ర ముంచుకొస్తుంది కనుక కూర్చునే చేయాలి. ఇంట్లో ప్రార్థనా పీఠం ఉంటే దాని ముందు, లేకపోతే గిన్నెలు కడిగి సర్దిన తరువాత ఖాళీ అయిన వంటగదిలోనైనా సరే. ఫోన్ మరో గదిలో ఉంచాలి. పదిహేను నిమిషాలు మించనవసరం లేదు. మధ్యాహ్నం త్రికాల జపం (రోజుకు మూడు వేళల్లో చెప్పే మరియమాత ప్రార్థన) చెప్పుకునే అలవాటున్నవారు, దాని తరువాత మరో రెండు నిమిషాలు ఆగి ఉదయాన్ని ఒకసారి తలచుకుంటే రాత్రి పని తేలికవుతుంది.

సిలువ గుర్తు వేసుకుని, దేవుడు తనను ప్రేమతో చూస్తున్నాడని ఒక్క నిమిషం మౌనంగా తలచిన తరువాత, కృతజ్ఞతతో ప్రారంభించాలి. ఈ మెట్టును దాటవేసి నేరుగా తప్పుల లెక్కకు దిగేవారే ఎక్కువ. నేను కూడా తొలి రెండేళ్లు అలాగే చేసి, ప్రతి రాత్రీ మనసు మరింత బరువెక్కి, చివరికి మానేశాను. తప్పులను చూపించే వెలుగు ప్రేమ నుంచే రావాలి. ప్రేమను తలచుకోకుండా తప్పులను తలచుకుంటే మిగిలేది నిరాశ మాత్రమే. కృతజ్ఞత కూడా “అన్నిటికీ వందనాలు ప్రభువా” అన్నంత స్థూలంగా ఉండకూడదు. పరుగెత్తుకొస్తున్న నన్ను చూసి బస్సు ఆపించిన కండక్టరు, పాప పరీక్షకు చదువుతుండగా పోయిన కరెంటు పది నిమిషాల్లో తిరిగి రావడం, అడగకుండానే బియ్యం మూట లోపలికి మోసిన పక్కింటి అబ్బాయి: ఇలా పేరు పెట్టి, ఘడియ చెప్పి మూడు సంగతులకు వందనాలు చెప్పాలి. మొదటి వారమంతా ఈ ఒక్క మెట్టు మాత్రమే చేసినా నష్టం లేదు.

తరువాత పవిత్రాత్మను వెలుగు కోసం అడగాలి. మన కళ్లతో మనం చూసుకుంటే మనల్ని సమర్థించుకుంటాం, లేదా అతిగా నిందించుకుంటాం. ఆ రెండూ కాని చూపు కావాలని రెండు మాటల్లో అడిగితే చాలు.

మూడవది అసలైన పరిశీలన. నిద్ర లేచిన ఘడియ నుంచి ఇప్పటి వరకు రోజును మెల్లగా కళ్ల ముందు నడిపించాలి. ప్రతి నిమిషాన్నీ తడమనవసరం లేదు. ఎక్కడ గుండె బరువెక్కిందో, ఎక్కడ మాట తూలిందో, ఎక్కడ అనుకోకుండా మనసు తేలికపడిందో అక్కడ ఆగి, ఆ ఒక్క సంఘటనను విడిచిపెట్టకుండా చూడాలి. “కోపం వచ్చింది” అన్న చోట ఆగిపోతే పైపొర మాత్రమే కనిపిస్తుంది.

దీన్ని నా అనుభవంతోనే చెబుతాను. మా నాన్నగారికి జ్ఞాపకశక్తి పూర్తిగా తగ్గిన రోజుల్లో, ఎప్పుడో విరమణ పొందిన ఉద్యోగానికి వెళ్లాలని “బస్సు వచ్చిందా అయ్యా?” అని ఉదయం నుంచి అడుగుతూనే ఉండేవారు. ఏడెనిమిది సార్లు నెమ్మదిగా చెప్పి, తొమ్మిదోసారి అరిచేవాడిని. రాత్రి పరిశీలనలో చాలాకాలం “ఓర్పు లేదు, క్షమించు” అని ముగించేవాడిని. ఒక రాత్రి ఆ దృశ్యం దగ్గరే ఆగి చూస్తే, నేను ఒక్కసారి కూడా ఆయన ముఖం చూసి జవాబు చెప్పలేదనీ, ప్రతిసారీ చేతిలోని పని చూస్తూనే చెప్పాననీ తెలిసింది. ఆయన అడిగింది బస్సు గురించే అయినా, ఆయనకు కావలసింది పక్కన ఒక మనిషి. నా పనికి ఎవరూ అడ్డు రాకూడదన్న పట్టుదలే నా కోపానికి వేరు. ఆ వేరు కనిపించిన తరువాతే నా ప్రార్థన మారింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. ఇతరుల దౌర్జన్యానికి మన మీద నేరం మోపుకోవడానికి ఈ అభ్యాసం ఏర్పడలేదు. భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీ రాత్రి కూర్చుని తన ఓర్పులో లోపం వెదుక్కోకూడదు. ఆమె ముందు భద్రత చూసుకుని, నమ్మదగినవారి సహాయం, అవసరమైతే చట్టం సహాయం తీసుకోవాలి.

నాలుగవది పశ్చాత్తాపం. పేతురు, యూదా ఇద్దరూ ప్రభువుకు ద్రోహం చేశారు, ఇద్దరూ దుఃఖపడ్డారు. పేతురు ఆ దుఃఖంతో తిరిగి ప్రభువు దగ్గరకే వచ్చాడు. మన దుఃఖం కూడా ఆయన వైపు నడిచేదై ఉండాలి గనుక, చూసిన దాన్ని సొంత మాటల్లో చెప్పి, పశ్చాత్తాప జపం నోటికి వచ్చినవారు దాన్ని చెప్పుకోవాలి. చీటికీ మాటికీ పాపమేమోనని భయపడే స్వభావమున్నవారు ఈ భాగాన్ని రెండు నిమిషాలకు కుదించి, ఒకే గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తూ (అంటే తమ పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందుతూ), ఆయన మాటకు కట్టుబడి ఉండడం మంచిది.

చివరిది రేపటి నిర్ణయం. “రేపటి నుంచి కోపపడను” అన్నది నిలవదు. “రేపు ఉదయం నాన్న మొదటిసారి అడగగానే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని జవాబు చెబుతాను” అన్నంత చిన్నదిగా, చోటు, వేళ తెలిసేటట్లుగా ఉండాలి. ఒక్కటి చాలు. ఆ తరువాత పరలోక జపంతో ముగించాలి. ఒకే లోపం పదే పదే వేధిస్తుంటే ఇగ్నేషియస్ వారు చెప్పిన మరో పద్ధతి ఉంది: రోజుకు రెండు గీతలు గీసి, ఆ లోపానికి లోనైన ప్రతిసారీ ఒక చుక్క పెట్టి, రోజుకు రోజును, వారానికి వారాన్ని పోల్చి చూసుకోవాలి.

ఇలా చూసుకున్నదంతా పాపసంకీర్తనానికి దారి తీయాలి. చావైన పాపం, అంటే తెలిసి, ఇష్టపడి చేసిన ఘోర పాపం, చేసినవారు సత్ప్రసాదం స్వీకరించే ముందు పాపసంకీర్తనం చేయడం తప్పనిసరి అని మనందరికీ తెలుసు. స్వల్ప పాపాలను కూడా తరచుగా ఒప్పుకోవడం మేలని శ్రీసభ బోధిస్తుంది. క్రిస్మస్‌కు, పాస్కా పండుగకు ముందు బారులు తీరిన వరుసలో నిలబడి రెండు నిమిషాల్లో ముగించే కంటే, నెలకొకసారి మామూలు రోజున విచారణ గురువులను సమయం అడిగి వెళ్లడం ఎంతో ఉపయోగకరం. నాలుగు వారాల పరిశీలనలో మళ్లీ మళ్లీ కనిపించిన వేరు ఏదో అక్కడ సూటిగా చెప్పాలి. గురువు ఆ రహస్యాన్ని ఎవరికీ, ఏ కారణం చేతా వెల్లడించకూడదు గనుక సంకోచం అవసరం లేదు. పుస్తకంలో రాసుకున్నవారు ఇంటికి వచ్చి ఆ కాగితాలు చించివేయాలి.

కొన్ని నెలలకు ఏమీ అనిపించని కాలం వస్తుంది. ప్రార్థన పొడిబారుతుంది, దేవుడు దూరమైనట్లు ఉంటుంది. అటువంటప్పుడు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాలను మార్చవద్దని ఇగ్నేషియస్ వారి ఖచ్చితమైన సూచన. పైగా ప్రార్థన సమయాన్ని తగ్గించకుండా, కొంచెం పెంచమంటారు. 1873లో పుట్టి 24 ఏళ్లకే కన్నుమూసిన ఫ్రాన్సు మఠవాసిని, పునీత చిన్న తెరేసమ్మ ప్రార్థనలో తరచుగా నిద్రపోయేది. తన వెనుక కూర్చున్న ఒక సిస్టరు చేసే చిన్న శబ్దానికి చెమటలు పట్టేంత చిరాకు పడుతూ కూడా వెనక్కు తిరిగి చూడకుండా, ఆ శబ్దాన్నే సంగీతంగా ప్రభువుకు సమర్పించింది. అయితే నిద్ర, ఆకలి పోయి, బ్రతుకు మీదే ఆశ సన్నగిల్లితే అది ప్రార్థనలోని పొడిదనంగా భావించి ఊరుకోకుండా వైద్యుణ్ణి కూడా కలవాలి.

ఇంట్లో పిల్లలకు నేర్పాలనుకుంటే, జపమాల ముగిశాక ఒక నిమిషం దీపం ముందు మౌనంగా ఉండి, ఆ రోజు దేవునికి దేనికి వందనాలు చెబుతారో మాత్రం అడగండి. తప్పులు అందరి ముందూ చెప్పించవద్దు. ఎప్పుడైనా తల్లో తండ్రో ముందుగా “ఈరోజు నీ మీద అనవసరంగా అరిచాను, క్షమించు” అంటే, మిగతాది పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు.

ఇక తప్పిపోయే రాత్రులు ఎలాగూ ఉంటాయి. పెళ్లిళ్లు, ప్రయాణాలు, ఆసుపత్రిలో రాత్రి కాపలాలు ఉంటాయి. అలా తప్పిన రాత్రి లెక్కను మరుసటి రాత్రికి కలిపి రెండింతలు చేయబోవద్దు. సిలువ గుర్తు వేసుకుని, ఆ రోజు అందిన మూడు మేళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.