మిన్నెసోటాలో ఆన్-కాల్ ఫైర్‌ఫైటర్లకు సిక్ లీవ్ మినహాయింపు: పేరోల్‌లో అమలు చేసే పద్ధతి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు చిన్న ఊళ్లలో చాలాచోట్ల రాత్రిపూట ఫైర్ స్టేషన్‌లో ఎవరూ ఉండరు. ఎక్కడైనా నిప్పంటుకుంటే పేజర్ మోగుతుంది. ఇంట్లో నిద్రపోతున్న మెకానిక్కో, స్కూలు టీచరో, రైతో లేచి స్టేషన్‌కు పరుగెత్తుతారు. వెళ్లినన్ని గంటలకే డబ్బు. వీళ్లను పెయిడ్ ఆన్-కాల్ ఫైర్‌ఫైటర్లు అంటారు. మన ఆంధ్రలో, తెలంగాణలో ఫైరింజన్ అనగానే షిఫ్టులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు గుర్తొస్తారు. అందుకే అమెరికాలో సిటీల పేరోల్, హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చూసే మనవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకుని పని మొదలుపెట్టాలి.

2024 జనవరి 1 నుంచి అక్కడ ఎర్న్‌డ్ సిక్ అండ్ సేఫ్ టైమ్ చట్టం నడుస్తోంది. జబ్బుకూ, గృహహింస వంటివాటి నుంచి భద్రతకూ పెట్టుకునే సెలవు ఇది. అందరూ ఈఎస్‌ఎస్‌టీ అంటారు. పనిచేసిన ప్రతి 30 గంటలకు ఒక గంట జీతంతో కూడిన సెలవు, ఏడాదికి 48 గంటల వరకు జమ అవుతుంది. ఏడాదిలో 80 గంటలైనా పనిచేసేవాళ్లకు ఇది వర్తిస్తుంది. మొదట ఆన్-కాల్ ఫైర్‌ఫైటర్లు కూడా ఇందులోకే వచ్చారు. చిక్కంతా అక్కడే మొదలైంది. సెలవు పెట్టాలంటే ఎగ్గొట్టడానికి ఒక షిఫ్టు ఉండాలి కదా! పేజర్ ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు. మంగళవారం జ్వరంతో పడుకున్న మనిషికి ఆ రోజు ఒక్క కాల్ కూడా రాకపోతే ఎన్ని గంటల సెలవు రాయాలి? ఆ లెక్క ఏ క్లర్కుకూ తేలలేదు. 2024 మేలో శాసనసభ రాష్ట్ర చట్టాల్లోని 181.9445 సెక్షన్‌లో 'ఉద్యోగి' నిర్వచనం మార్చి, వాలంటీర్ ఫైర్‌ఫైటర్లనూ పెయిడ్ ఆన్-కాల్ ఫైర్‌ఫైటర్లనూ తీసేసింది. వాలంటీర్ అంబులెన్స్ అటెండెంట్లు, ఆన్-కాల్ పద్ధతిలో పనిచేసే అంబులెన్స్ సిబ్బంది కూడా ఈ మినహాయింపులో ఉన్నారు. ఇది మంచి సవరణే. అయితే అమలులో జాగ్రత్త తప్పితే, హక్కు ఉన్నవాళ్ల సెలవు కూడా దానితోపాటే పోతుంది.

మొదటి పని రోస్టర్‌ను విడదీయడం. ఫైర్ చీఫ్ దగ్గరి పేర్ల జాబితా తెచ్చుకుని, ఒక్కొక్కరికీ గత 12 నెలల గంటలను మూడు గడుల్లో వేయండి: పేజర్ మోగితే వెళ్లిన గంటలు, శిక్షణ గంటలు, ముందే రాసిన డ్యూటీ షిఫ్టు గంటలు. మొదటి రెండే ఉన్నవాళ్లు నిస్సందేహంగా ఆన్-కాల్. మూడో గడిలో అంకె కనిపిస్తే ఆగండి. పగలు కాల్‌కు వచ్చేవాళ్లు తక్కువైన ఊళ్లలో డ్యూటీ క్రూ పేరిట కొందరిని ఆరేసి గంటలు స్టేషన్‌లోనే కూర్చోబెడతారు. నెలకు రెండు షిఫ్టులు చేసినా ఏడాదికి 144 గంటలు. అతని పదవి పేరు పెయిడ్ ఆన్-కాల్ అనే ఉండవచ్చు, చేసే పని మాత్రం పార్ట్‌టైమ్ ఉద్యోగమే. అతను జ్వరమొచ్చి రాలేకపోతే ఎగ్గొట్టిన ఆరు గంటలు రోస్టర్‌లోనే కనిపిస్తాయి. అలాంటి షిఫ్టు గంటలకు సెలవు జమ చేయడమే క్షేమం. 144 గంటలకు జమయ్యేది ఐదు గంటలకన్నా తక్కువే, దానికోసం తగాదా తెచ్చుకోవడం దండగ. కాదు, మినహాయింపులోనే పెడతామని సిటీ అంటే, సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయర్) చేత కాగితం మీద రాయించుకున్నాకే పేరోల్‌లో అతని సెట్టింగ్ మార్చండి.

ఇక రెండు ఉద్యోగాలున్న మనిషి. పగలు సిటీ వీధుల విభాగంలో మంచు తోసే ట్రక్కు నడిపే ఆయనే రాత్రి ఫైర్‌ఫైటర్. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, ఎందుకంటే చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్‌లలో సెలవు జమ నియమం మనిషి నంబరుకు ముడిపడి ఉంటుంది, చేసే పనికి కాదు. ఆ నంబరు మీద 'మినహాయింపు' టిక్ పెడితే ట్రక్కు నడిపిన గంటలకు కూడా జమ ఆగిపోతుంది. చట్టంలో 'వ్యక్తి' అనే మాట ఉంది కదా అని మనిషినే మొత్తంగా తీసేయడం సరికాదు. మినహాయింపును ఫైర్ పనికే పరిమితం చేయాలి. కాబట్టి నియమాన్ని జాబ్ కోడ్‌కు, అంటే ఒక్కో రకం పనికి పేరోల్‌లో ఇచ్చే గుర్తుకు, కట్టండి: ఫైర్ కాల్, ఫైర్ శిక్షణ, ఫైర్ షిఫ్టు అని మూడు వేరు కోడ్‌లు పెట్టి, మొదటి రెండింటికి జమ సున్నా చేయండి. తరవాత పరీక్షించండి. ఒకే వారంలో వీధుల విభాగంలో 40 గంటలు, ఫైర్ కాల్స్‌లో 20 గంటలు ఉన్న డమ్మీ ఉద్యోగిని నడపండి. 40 గంటల మీద జమ రావాలి. 60 మీద వచ్చినా, సున్నా వచ్చినా నియమం ఇంకా మనిషి నంబరు మీదే ఉందన్నమాట.

సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ముందు సిటీ ఉద్యోగుల హ్యాండ్‌బుక్ తెరవండి. 2024 ఆరంభంలో హడావుడిగా రాసిన హ్యాండ్‌బుక్‌లో 'తాత్కాలిక, ఆన్-కాల్ సిబ్బందితో సహా అందరికీ' అన్న వాక్యం దొరకవచ్చు. చట్టం బలవంతపెట్టకపోయినా సిటీ తానే ఇస్తానన్న మాట అది. కౌన్సిల్ తీర్మానంతో ఆ వాక్యం మార్చేదాకా జమ ఆపకండి. యూనియన్ ఒప్పందం ఉంటే అదీ చూడాలి. మినియాపొలిస్, సెయింట్ పాల్, బ్లూమింగ్టన్ నగరాలకు సొంత సిక్ లీవ్ ఆర్డినెన్సులు (నగర కౌన్సిల్ చేసే స్థానిక చట్టాలు) ఉన్నాయి, వాటి నిర్వచనాలు విడిగా చదవాలి. సవరణకు ముందు జమైన గంటలను ఒక్క మీటతో చెరిపేయకుండా, వాటిని ఏం చేయాలో కూడా ఆ తీర్మానంలోనే రాయించండి. ఫైర్‌ఫైటర్లకు ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి: ఏ తేదీ నుంచి, ఏ గంటలకు జమ ఉండదో, ఏ గంటలకు ఉంటుందో. అర్ధరాత్రి లేచి ఊరికోసం పరుగెత్తే మనిషికి ఈ సంగతి పే స్టబ్ (జీతం చీటీ) చూసి తెలియకూడదు.

రికార్డులు మూడేళ్లు దాచండి, మినహాయించినవాళ్లవి కూడా. ఇవ్వాల్సిన సెలవు ఇవ్వలేదని తేలితే ఆ విలువతోపాటు అంతే మొత్తం అదనంగా కట్టాలి. ఎన్ని గంటలో తేల్చే రికార్డు లేకపోతే ఏడాదికి 48 గంటలుగా లెక్కిస్తారు. గంటకు 18 డాలర్లు తీసుకునే డ్యూటీ క్రూ మనిషి విషయంలో అది 864, రెట్టింపైతే 1,728 డాలర్లు. ఐదు గంటలకు 90 డాలర్లతో పోయేదానికి అంత!

ఈ మినహాయింపు సిక్ లీవ్‌కే. గాయపడితే వచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్, ఓవర్‌టైమ్ లెక్క వేరే చట్టాలవి, వాటి కోడ్‌లు కదపకండి. పగటి ఉద్యోగం ఇచ్చిన ప్రైవేటు యజమాని కూడా 'నువ్వు ఫైర్‌ఫైటర్‌వి కదా' అని సెలవు ఆపడానికి వీల్లేదు. అలాగే ఫైర్ కాల్‌కు వెళ్లడం సిక్ లీవ్ వాడుకునే కారణం కాదు.

2026 జనవరి 1న మొదలైన మిన్నెసోటా పెయిడ్ లీవ్‌ను దీనితో కలపకండి. అది రాష్ట్ర చట్టాల్లో 268బి అధ్యాయం, పెద్ద జబ్బులకు, కుటుంబ అవసరాలకు దీర్ఘకాలం సెలవు పెడితే డబ్బిచ్చే బీమా పద్ధతి: వేతనంపై 0.88 శాతం ప్రీమియం, అందులో కనీసం సగం యజమాని కట్టాలి. 181.9445లోని మినహాయింపు దానికదే అక్కడికి రాదు. ఆ అధ్యాయం తన నిర్వచనాల్లో తీసేసినవాళ్లకే అక్కడ మినహాయింపు. గంటకు 16 డాలర్ల చొప్పున 150 గంటలు చేసిన ఫైర్‌ఫైటర్‌కు వేతనం 2,400, ప్రీమియం 21 డాలర్ల 12 సెంట్లు. డబ్బు చిన్నదే. చూసుకోవాల్సింది తలల లెక్క. 30 మంది, అంతకన్నా తక్కువ ఉద్యోగులుండి, సగటు వేతనం పరిమితి లోపున్న యజమానికి ప్రీమియం తగ్గుతుంది. ఎనిమిది మంది ఉద్యోగులున్న ఊళ్లో 25 మంది ఫైర్‌ఫైటర్లు లెక్కలోకి వస్తే 33 అయి ఆ రాయితీ చేజారుతుంది. వేతన వివరాల నివేదికకు గడువులు ఏప్రిల్ 30, జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31. ప్రతి గడువుకు రెండు వారాల ముందు రాష్ట్ర రివైజర్ (చట్టాల పాఠం ప్రచురించే కార్యాలయం) వెబ్‌సైట్‌లో 268బి.01 తాజా పాఠం తెరిచి, ఫైర్ కోడ్‌ల మీద పెట్టిన సెట్టింగ్‌తో సరిచూసుకోండి.