మంచు పడకముందే సీలింగ్ లైట్ల చుట్టూ సందులు చూసుకోండి

మిన్నెసోటాలో ఇల్లు కొనుక్కున్నాక మాకది రెండో చలికాలం. జనవరిలో వారం రోజులు మైనస్ 20 ఫారెన్‌హీట్ దగ్గర బిగుసుకుపోయి, ఉన్నట్టుండి ఒకరోజు 36కి ఎక్కింది. ఆ మధ్యాహ్నం వంటగదిలోని క్యాన్ లైటు (సీలింగ్ లోపలికి డబ్బాతో సహా దిగేసి ఉండే లైటు) అంచు నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడ్డాయి. చుట్టూ టీ మరకలాంటి వలయం. కప్పు కారుతోందనుకుని మనిషిని పిలిపిస్తే కప్పు బాగానే ఉందన్నాడు. అటక ఎక్కి టార్చి వేసి చూశాం. పైనుంచి దిగిన మేకుల మొనలన్నిటికీ తెల్లగా మంచు పేరుకుని ఉంది. అది కరిగి ప్రతి మొనకీ ఒక బొట్టు వేలాడుతోంది.

ఆ నీళ్లు వానవి కావు, మన కుక్కరువీ మన స్నానాలవీ ఇంట్లో ఆరేసిన బట్టలవీ. వెచ్చటి గాలి పైకి పోతుంది. పాత క్యాన్ లైట్ల డబ్బాకి చిల్లులుంటాయి, డబ్బాకీ సీలింగ్‌కీ మధ్య సందు ఉంటుంది. తేమ అందులోంచి అటకలోకి దూరుతుంది. 21 సెల్సియస్ దగ్గర 40 శాతం తేమ ఉన్న గాలి, 7 సెల్సియస్‌కి చల్లబడితే చాలు, నీరు కడుతుంది. జనవరిలో అటక చెక్కలు అంతకన్నా ఎంత చల్లగా ఉంటాయో చెప్పక్కర్లేదు.

అందుకే అక్టోబరులోనే, చల్లగాలి వీచే రోజు చూసి, వెలిగించిన అగరుబత్తి లైటు అంచు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాగేసుకుందంటే సందు ఉన్నట్టే.

తర్వాత బ్రేకర్ ఆపి, పై రింగు తీసి, డబ్బా లోపలి లేబుల్ చదవండి. ఇది మాత్రం వదలొద్దు. ‘ఐసీ’ (ఇన్సులేషన్ కాంటాక్ట్) అని ఉంటేనే అటకలో చలి ఆపడానికి పరిచే ఇన్సులేషన్ దానికి తగలొచ్చు. ‘నాన్ ఐసీ’ అయితే చుట్టూ 3 అంగుళాలు ఖాళీ ఉండాలి. చలి వస్తోందని పైన ఇన్సులేషన్ కప్పేస్తే వేడి బయటికి పోక నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి లైటుని ఎలక్ట్రీషియన్ చేత తీయించి, ఐసీ, ఎయిర్‌టైట్ రెండూ రాసున్న ఎల్ఈడీ పెట్టించుకోండి. డబ్బా ఐసీదే అయితే రబ్బరు గాస్కెట్ ఉన్న ఎల్ఈడీ బిగించి, డబ్బాకీ సీలింగ్‌కీ మధ్య సందుని కాక్‌తో (సందులు పూడ్చే మెత్తటి పేస్టు) పూడ్చండి. ఇన్సులేషన్ ఎంత మందంగా పరిచినా గాలి ఆగదు, ముందు సందు మూయాల్సిందే.

బాత్రూం ఫ్యాను గొట్టం ఇంటి బయటికి పోతోందా, అటకలోనే వదిలేశారా చూడండి. చాలా ఇళ్లలో స్టవ్ మీది ఫ్యాను కూడా గాలిని మళ్లీ వంటగదిలోకే ఊదుతుంది. మరి సాంబారు మరిగినంతసేపూ ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? తేమ చూపే చిన్న మీటరు ఒకటి కొనండి. చలికాలంలో 30, 40 శాతం మధ్య ఉంటే మంచిది. బయట సున్నా ఫారెన్‌హీట్ దిగితే ఇంకా తగ్గించాలి. కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటే గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ తగ్గించండి.

అటక ఎక్కితే దూలాల మీదే కాలు వేయండి. పాత ఇల్లయి, గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ అనే పాతకాలపు ఇన్సులేషన్ కనిపిస్తే కదపకుండా దిగిపోండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ఇప్పటికే నీళ్లు పడుతుంటే ముందు బ్రేకర్ ఆపండి. తడి ఆరి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ స్విచ్ వేయొద్దు. తడిసిన ఇన్సులేషన్ తీసేసి, చెక్క పూర్తిగా ఆరాకే కొత్తది పరవండి.