సార్వా చేతిపుస్తకం: మార్క్‌డౌన్ ఫైళ్ల నుంచి వెబ్‌సైటు, అచ్చు ప్రతి, ఈబుక్

కోనసీమలో ఒక రైతు సంఘం సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) సాగు మీద ముప్పై నలభై పేజీల చేతిపుస్తకం వేద్దామనుకుందనుకోండి. కుర్రాళ్లు ఫోన్లో చూస్తారు. పెద్దవాళ్లకి కాగితం చేతిలో ఉండాలి. హైదరాబాదులో ఉన్న పిల్లలు ఈబుక్ అడుగుతారు. మామూలుగా అయితే డీటీపీ షాపులో ఒక ప్రతి, వాట్సాప్‌లో ఒకటి, వెబ్‌సైట్లో ఇంకొకటి తయారవుతాయి. యూరియా మోతాదు ఒకచోట దిద్దితే మిగతా రెండుచోట్లా పాతదే ఉండిపోతుంది. మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు రాతలోనే #, * లాంటి గుర్తులు పెట్టి శీర్షికలూ బోల్డూ చూపించే పద్ధతిలో రాస్తే, దిద్దాల్సిన ప్రతి ఒక్కటే ఉంటుంది.

మార్క్‌డౌన్ రాత పద్ధతిని జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశాడు. ఆ రాతను కావలసిన రూపంలోకి మార్చే పాన్‌డాక్‌ను జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టాడు. రెండూ ఉచితమే. పాన్‌డాక్ 3 లేదా ఆ తర్వాతి వెర్షన్ వేసుకోండి, కింద చెప్పిన వెబ్‌సైటు పద్ధతి పాతవాటిలో లేదు. ఇక్కడ కమాండ్లను (కంప్యూటర్ టెర్మినల్లో కొట్టే ఆదేశాలు) పలికినట్టు తెలుగులో రాశాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఫైళ్లు సర్దుకోవడం

ఒక ఫోల్డర్ చేసి, అధ్యాయానికొక ఎండీ ఫైలు (మార్క్‌డౌన్ రాత ఉండే ఫైలు) పెట్టండి: 01-సార్వా, 02-దాళ్వా, 03-కొబ్బరి. ఫైలు పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉంటే మంచిది. తెలుగు పేరు లింకులోకి వెళ్తే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తుల శాతం కోడుగా మారుతుంది. నాలుగు మాటల శీర్షిక వాట్సాప్‌లో నాలుగైదు వరుసల గజిబిజి లింకు అవుతుంది. అందుకే ప్రతి శీర్షిక చివర మీసాల బ్రాకెట్లో # గుర్తుతో చిన్న ఇంగ్లీషు పేరు ఇవ్వండి.

వరుస మొదట # పెడితే పెద్ద శీర్షిక, ## పెడితే దాని కింది శీర్షిక. ఒక్కో ఫైల్లో ఒక్క # శీర్షికే ఉండాలి, అది అధ్యాయం పేరు. పుస్తకం పేరును # తో రాసి అధ్యాయాలను ## కి దించేస్తారు చాలామంది. అప్పుడు పాన్‌డాక్ లెక్కలో పుస్తకమంతా ఒకే అధ్యాయం కాబట్టి వెబ్‌సైట్లో ఒకే పొడవాటి పేజీ వస్తుంది. పుస్తకం పేరు, భాష లాంటి వివరాలు వేరే ఫైల్లో, మెటా.యామల్‌లో ఉండాలి (టీఈ అంటే తెలుగుకి గుర్తు):

టైటిల్: "సార్వా: నారుమడి నుంచి కుప్పనూర్పు దాకా"
లాంగ్: టీఈ
టీవోసీ-టైటిల్: విషయసూచిక

పేరులో కోలన్ ఉంది కాబట్టి కొటేషన్ గుర్తులు తప్పనిసరి. అవి లేకపోతే పాన్‌డాక్ అక్కడే ఆగిపోతుంది. ఫొటోలన్నీ ఒక్క ఉపఫోల్డర్లో ఉంచి, కమాండ్లు ఎప్పుడూ పై ఫోల్డర్ నుంచే ఇవ్వండి. బొమ్మ దారిని పాన్‌డాక్ కమాండ్ ఇచ్చిన చోటు నుంచి వెతుకుతుంది, ఎండీ ఫైలున్న చోటు నుంచి కాదు.

తెలుగు రాతలో తగిలే రాళ్లు

మార్క్‌డౌన్ నియమాలు మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండే భాషను చూసి పెట్టినవి. మనం విభక్తిని మాటకే అతికిస్తాం. బోల్డ్ కోసం ‘సార్వా’కి ముందూ వెనకా రెండేసి నక్షత్రాలు పెట్టి, వెంటనే ‘లో’ రాస్తే బాగానే వస్తుంది. అదే మాట కొటేషన్లో ఉండి, ముగింపు నక్షత్రాల వెంటనే ‘లో’ వస్తే చాలా ప్రోగ్రాములు వాటిని ముగింపుగా గుర్తించవు. అచ్చులో నక్షత్రాలు నక్షత్రాల్లాగే మిగిలిపోతాయి. కొటేషన్లను నక్షత్రాల బయట పెడితే సరిపోతుంది. అండర్‌స్కోర్‌తో ఒత్తి చూపే అలవాటుంటే మానేయండి, దాని వెనక విభక్తి వస్తే అసలు పనిచేయదు.

వాట్సాప్ నుంచి అతికించిన రాతలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ ఒక్క నక్షత్రం అంటే బోల్డ్, మార్క్‌డౌన్‌లో ఒక్క నక్షత్రం అంటే వాలు అక్షరం. తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు అక్షరాలు విడిగా ఉండవు, మామూలు అక్షరాన్నే పక్కకి తోసి చూపిస్తారు. అది చూడ్డానికి గాలివానకి ఒరిగిన చేనులా ఉంటుంది. ఒత్తి చెప్పాలంటే బోల్డ్ ఒక్కటే వాడండి.

డీటీపీ షాపులో పాత ఫాంట్లతో కొట్టిన రాత ఉంటే దాన్ని నేరుగా అతికించకండి. అది యూనికోడ్ కాదు, ఫాంటు తీసేయగానే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు మిగులుతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక కూడా వత్తులూ అంకెలూ మనిషి కూర్చుని సరిచూడాలి. మోతాదుల పట్టికలో ఒక్క అంకె మారినా నష్టం చేనుకే.

పట్టికలు నిలువు గీతలతో రాస్తే చాలు:

| రకం | పంట | రోజులు |
|---|---|---|
| స్వర్ణ, ఎంటీయూ 7029 | సార్వా | 150 |
| కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010 | దాళ్వా | 120 |

నాలుగు నిలువు వరుసలు దాటితే ఫోన్లో పక్కకి జరుపుకుంటూ చూడాలి. అలాంటి పట్టికను రెండుగా విడగొట్టండి.

వెబ్‌సైటు

ముందు వెబ్‌సైటే చేయండి. తప్పులు అక్కడే తొందరగా బయటపడతాయి, దిద్దడానికి ఖర్చు కూడా ఉండదు.

పాన్‌డాక్ -టీ చంక్డ్‌హెచ్‌టీఎంఎల్ --టీవోసీ --సీఎస్ఎస్=స్టైల్.సీఎస్ఎస్ --మెటాడేటా-ఫైల్=మెటా.యామల్ 01-సార్వా.ఎండీ 02-దాళ్వా.ఎండీ 03-కొబ్బరి.ఎండీ -ఓ సైట్

‘సైట్’ అనే ఫోల్డర్లో అధ్యాయానికో పేజీ, ముందు వెనకలకి లింకులు తయారవుతాయి. ఆ పేరుతో ఫోల్డర్ ముందే ఉంటే పాన్‌డాక్ ఒప్పుకోదు, పాతది తీసేసి మళ్లీ నడపండి. పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే స్టైలు ఫైలు (సీఎస్ఎస్) అందులోకి వచ్చిందో లేదో చూసి, రాకపోతే కాపీ చేయండి.

స్టైల్లో తెలుగుకి మూడు విషయాలు చాలు. లైన్ల మధ్య ఎత్తు 1.7 పెట్టండి, ఇంగ్లీషుకి సరిపోయే 1.4 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ జోలికి పోకండి. ఫాంటు మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ పెట్టుకోండి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నవే, సైట్లోనూ పుస్తకంలోనూ పొదిగి పంచుకోవచ్చు.

ఆ ఫోల్డర్ని గిట్‌హబ్ పేజెస్‌ అనే వెబ్‌సైటు సేవలో పెడితే డబ్బు కట్టక్కర్లేదు, కాకపోతే ఉచిత ఖాతాలో రిపాజిటరీ (ఫైళ్లు ఉంచే చోటు) అందరికీ కనపడేలా ఉండాలి. ఇంట్లో కంప్యూటర్లో కనిపించిన బొమ్మ సైట్లో కనిపించకపోతే ఫైలు పేరు చూడండి. ఫోను తీసిన ఫొటో చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, మీరు రాతలో చిన్న అక్షరాలు కొట్టి ఉంటారు. విండోస్ పట్టించుకోదు, సర్వర్ పట్టించుకుంటుంది.

అచ్చు ప్రతి

పాన్‌డాక్‌ని ఊరికే పీడీఎఫ్ ఇమ్మంటే పీడీఎఫ్‌లాటెక్‌ అనే ఇంకో ప్రోగ్రామును పిలుస్తుంది. అది తెలుగు అక్షరం చూడగానే యూనికోడ్ తప్పు చూపించి ఆగిపోతుంది. అదే కుటుంబంలోని జీలాటెక్ తెలుగు చదవగలదు గానీ తెలుగు ఫాంటు పేరు ఇవ్వకపోతే అక్షరాలున్న చోట ఖాళీ వదిలేస్తుంది. లువాలాటెక్‌కి అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ రెండరర్ వాడమని విడిగా చెప్పడం మంచిది, లేకపోతే వత్తులు సరిగ్గా కూడకపోవచ్చు. పైగా ఈ టెక్ సరంజామా పూర్తిగా దించుకుంటే కొన్ని జీబీలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లకి, వెబ్ పేజీ నుంచి పీడీఎఫ్ చేసే వీజీప్రింట్ మేలు. సైటుకి నేర్చుకున్న సీఎస్ఎస్సే దీనికీ పనికొస్తుంది.

పాన్‌డాక్ --పీడీఎఫ్-ఇంజన్=వీజీప్రింట్ --టీవోసీ --సీఎస్ఎస్=ప్రింట్.సీఎస్ఎస్ --మెటాడేటా-ఫైల్=మెటా.యామల్ 01-సార్వా.ఎండీ 02-దాళ్వా.ఎండీ 03-కొబ్బరి.ఎండీ -ఓ పుస్తకం.పీడీఎఫ్

ప్రింట్ స్టైల్లో పేజీ ఏ5, అంటే 148 × 210 మిల్లీమీటర్లు. మడత వైపు అంచు 20, బయట 14 మిల్లీమీటర్లు ఇవ్వండి. కుడి పేజీకి, ఎడమ పేజీకి మడత వైపు మారుతుంది కాబట్టి రెండింటికీ నియమం విడివిడిగా రాయాలి. అక్షరం 11 పాయింట్లు, లైను ఎత్తు 1.55. ప్రతి # శీర్షికా కొత్త పేజీలో మొదలవ్వాలి, పట్టిక వరుస రెండు పేజీలకి చీలకూడదు. ఈ రెండూ చెప్పకపోతే వాటంతట అవి జరగవు.

రెండు అంచులూ సమానంగా కోసినట్టు ఉండాలని పట్టుబట్టకండి. మన మాటలు పొడవు. ఏ5 వెడల్పులో ‘ఉపయోగించుకోవలసినప్పుడు’ లాంటిది ఒకటి తగిలితే పై వరుసలో మాటల మధ్య కాలువంత సందు పడుతుంది. ఎడమ అంచు మాత్రమే సరిచేసి కుడివైపు వదిలేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది.

అంచులు పోగా రాత వెడల్పు 114 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఫొటోకి 1350 పిక్సెళ్ల వెడల్పు చాలు. ఫోన్ తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోని ఈ కొలతకి తగ్గించి పెడితే సైటుకీ అదే సరిపోతుంది.

ప్రెస్సుకి పంపేముందు పుస్తకంలో ఎక్కడైనా ఈ మాటలు వేసి చూడండి: స్త్రీ, జ్యోత్స్న, క్షేత్రం, అమ్మాయి, విత్తనశుద్ధి. వత్తు కిందకి దిగకుండా పక్కన నిలబడితే ఫాంటులోనో ఇంజన్లోనో లోపం ఉన్నట్టే. రాజమండ్రి పంపినా అమలాపురంలోనే వేయించినా, పీడీఎఫ్‌ని ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దిద్దవద్దని ముందే చెప్పండి. అలా తెరిస్తే కూడిన అక్షరాలు విడిపోవచ్చు. మార్పు ఏదైనా ఎండీ ఫైల్లో చేసి కొత్త పీడీఎఫ్ పంపండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున లెక్క రావాలి. ఏ4 కాగితం మడిస్తే నాలుగు ఏ5 పేజీలు, 36 పేజీలకి 9 కాగితాలు. 38 వస్తే రెండు ఖాళీ పేజీలైనా కలపాలి, రెండు పేజీల రాతైనా తగ్గించాలి. అట్ట వేరే ఫైలు, చుట్టూ 3 మిల్లీమీటర్లు కోతకి వదలండి. కాలువలకి నీళ్లు వదిలే తేదీలాంటివి అచ్చులో వేయకండి, ఏటా మారతాయి. వాటిని సైట్లోనే ఉంచి, అట్ట వెనక క్యూఆర్ కోడ్ ఇస్తే సరి.

ఈబుక్

అన్నిటికంటే తేలిక ఇదే. పై కమాండ్లో పీడీఎఫ్ ఇంజన్ మాట తీసేసి, చివరి పేరు పుస్తకం.ఈపబ్ (ఈపబ్ అంటే ఈబుక్ ఫైలు రకం) అని మార్చి, సైటు స్టైలు ఇవ్వండి. కవర్ బొమ్మ 1600 × 2560 పిక్సెళ్లు చేసి --ఈపబ్-కవర్-ఇమేజ్‌తో కలపండి. కొన్ని రీడర్లలో తెలుగు ఫాంటు ఉండదు, డబ్బాలు కనిపిస్తాయి. అందుకని --ఈపబ్-ఎంబెడ్-ఫాంట్‌తో ఫాంటు ఫైలు పొదగండి. అంతటితో అయిపోదు, సీఎస్ఎస్‌లో ఫాంట్ ఫేస్ నియమం రాసి, దారిని ఒక మెట్టు పైకెళ్లి ఫాంట్స్ ఫోల్డర్లోకి వచ్చేలా ఇవ్వాలి. ఇది మరిచిపోతే ఫాంటు పెట్టెలో ఉంటుంది గానీ ఎవరూ తీయరు. తర్వాత ఈపబ్‌చెక్‌తో ఒకసారి తనిఖీ చేసి, కనీసం రెండు వేర్వేరు ఫోన్లలో తెరిచి చూడండి. కిండిల్ ఉన్నవాళ్లకి మోబీ అనే పాత ఫైలు రకం చేయక్కర్లేదు, అమెజాన్ వారి సెండ్ టు కిండిల్ సేవ 2022 నుంచి ఈపబ్‌నే తీసుకుంటోంది.

మూడు కమాండ్లనీ ఒక బ్యాచ్ ఫైల్లో వరసగా పెట్టుకోండి, మొదటి వరుసలో పాత ‘సైట్’ ఫోల్డర్ చెరిపే కమాండ్ ఉండాలి. మోతాదు మారిన రోజున ఎండీ ఫైల్లో అంకె దిద్ది, మెటా ఫైల్లో తేదీ వేసుకుని ఉంటే దాన్నీ మార్చి, ఆ బ్యాచ్ ఫైలు మీద రెండుసార్లు నొక్కండి.