రాత్రి ఆకాశానికి రంగు ఫిల్మును ఎంచుకోవడం

రంగు ఫిల్ము కొనేటప్పుడు పెట్టె మీది ఐఎస్ఓ అంకెనే, అంటే కాంతికి ఫిల్ము స్పందించే వేగాన్నే, ముందుగా చూడడం మనందరికీ అలవాటు. నక్షత్రాలను తీయాలనుకునేవారు ఆ అంకెను కాసేపు పక్కన పెట్టి, రెండు విషయాలు తెలుసుకోవాలి. షట్టర్‌ను నిమిషాల తరబడి తెరిచి ఉంచితే ఆ ఫిల్ము తన వేగాన్ని ఎంతవరకు నిలుపుకుంటుంది? నీహారికల్లోని, అంటే అంతరిక్షపు వాయు మేఘాల్లోని, ముదురు ఎరుపు దానికి అందుతుందా?

మసక వెలుతురు చాలాసేపు పడుతున్నప్పుడు ఫిల్ములోని వెండి లవణాల స్పందన క్రమంగా మందగిస్తుంది. దీన్ని రెసిప్రాసిటీ వైఫల్యం అంటారు. నక్షత్రాల కాంతిని ఫోటోల ద్వారా కొలుస్తూ దీనికి సూత్రం కట్టినవాడు జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షిల్డ్. రంగు ఫిల్ములోని మూడు రంగుల పొరలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మందగిస్తాయి కాబట్టి, చిత్రం చీకటిగా రావడమే కాక నల్లని ఆకాశానికి లేని రంగు కూడా పట్టుకుంటుంది. ఫ్యూజీ ఇచ్చిన వివరాల ప్రకారం ప్రొవియా 100ఎఫ్ అనే స్లైడ్ ఫిల్ముకు (కడిగాక నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ కనిపించే రకం) 128 సెకన్ల వరకు ఎక్స్‌పోజర్‌లో ఏ సవరణా అక్కరలేదు. అదే కంపెనీ వెల్వియా 50కి 4 సెకన్ల దగ్గరే సవరణ మొదలవుతుంది, 64 సెకన్లకు ఆ ఫిల్మును వాడవద్దనే చెప్పారు. పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవి పచ్చదనాన్ని పగటిపూట తీయడానికి వెల్వియా ఎంత బాగున్నా, అదే చెరువు గట్టు మీద రాత్రివేళ దాన్ని నమ్ముకోలేము.

ఇక ఎరుపు సంగతి. ఓరియన్ నీహారిక వంటివాటిలో హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. చాలా ఫిల్ముల ఎరుపు పొర సరిగ్గా అక్కడికి వచ్చేసరికి బలహీనపడుతుంది. అందుకే కొనేముందు ఏ రంగు కాంతికి ఫిల్ము ఎంత స్పందిస్తుందో చూపుతూ కంపెనీ ప్రచురించే స్పెక్ట్రల్ సెన్సిటివిటీ గ్రాఫును తెరిచి, ఎరుపు గీత 650 నానోమీటర్లు దాటాక ఎంత నిటారుగా పడిపోతోందో చూడాలి. ఒకప్పుడు ఈ పనికి పేరుపడ్డ కొడాక్ ఎక్టాక్రోమ్ ఈ200 తయారీ ఆగిపోయింది; పాత రోల్స్‌ను ఎక్కువ ధరకు కొనమని నేను చెప్పను, ఎందుకంటే వయసు మీరిన ఫిల్ములో పేరుకునే మసక, మనం పట్టుకోవాలనుకున్న మసక వెలుతురునే మింగేస్తుంది. 2018లో తిరిగి వచ్చిన ఎక్టాక్రోమ్ ఈ100నో, ప్రొవియానో ఎంచుకోవడం మేలు. సినీస్టిల్ 800టీలో కాంతి వెనక్కి చెదరకుండా ఆపే నల్లని పొరను తొలగించారు కనుక, ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ ఎర్రటి వలయాలు వస్తాయి.

ఇదంతా భూభ్రమణాన్ని అనుసరించే ట్రాకర్ ఉన్నవారికి. ఉత్త ట్రైపాడ్ మీద 50 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు 10 సెకన్లు దాటితే నక్షత్రం గీతగా సాగుతుంది, కాబట్టి అక్కడ 400 లేదా 800 వేగపు నెగెటివ్ ఫిల్మే ఆధారం. నక్షత్ర రేఖలు తీసేటప్పుడు లెక్క వేరు: నక్షత్రం ఒకచోట నిలవదు గనుక ఎంతసేపు తెరిచినా దాని గీత మరింత కాంతివంతం కాదు, వెనుక ఆకాశమే తెల్లబడుతుంది. మన వరంగల్ దగ్గర ధ్రువనక్షత్రం ఉత్తరాన సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే రేఖల కేంద్రం దిగంతానికి దగ్గర పడుతుంది. హనుమకొండ, కాజీపేటల దీపకాంతి నైరుతి దిక్కున వెనుక ఉండిపోయేలా పాలంపేట వైపు వెళితే ఆ ఉత్తరపు ఆకాశం చీకటిగా దొరుకుతుంది.

కొత్తవారు నెగెటివ్‌తో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎక్స్‌పోజర్ కొంత ఎక్కువైనా అది ఓర్చుకుంటుంది, దాన్ని కడిగే ల్యాబులు కూడా స్లైడ్ కడిగేవాటికంటే సులభంగా దొరుకుతాయి. ఎక్కడ ఇచ్చినా రోల్‌ను కత్తిరించవద్దని కవరు మీద రాసివ్వండి, మొదటి ఫ్రేమును పగటి వెలుతురులో తీయండి. నల్లని ఫ్రేముల మధ్య అంచు కనిపించక, ఒక ల్యాబులో నా పాలపుంతను సరిగ్గా ధనూరాశి దగ్గరే రెండు ముక్కలు చేశారు; ఆ రాత్రి మళ్లీ రాలేదు.

వేసవి ఎండలు 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఫిల్మును గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి, వాడే ముందు రెండు గంటలు బయట ఉంచాకే మూత తీయాలి. లేకపోతే తేమ పడుతుంది. మేడారం జాతర మాఘ పౌర్ణమి వెన్నెలలో వస్తుంది గనుక ఆ రోజుల్లో కెమెరాను ఇంట్లోనే ఉంచి, కార్తీకం నుంచి మాఘం దాకా వచ్చే అమావాస్యలకు రోల్ సిద్ధం చేసుకోండి.